ఇల్లు గట్టుకి ఎటు పక్కన?

పోయిన నెల ఇంటి స్థలాల గురించి రెండు ముక్కలు రాశానో లేదో, ఈ నెల ఉత్తరాలన్నీ దాని మీదే వచ్చాయి. విచిత్రం ఏంటంటే వాస్తు అడిగినవాళ్లు ఇద్దరే. మిగతావాళ్లంతా నడక గురించి అడిగారు. పొద్దున్నే నడవడానికి దారి ఉండాలి, సైకిలు తొక్కుకోవాలి, పిల్లలు చెట్టూ పుట్టా తిరగాలి, అలాంటి చోట ఇల్లు ఎక్కడ చూసుకోవాలి అని. మా రోజుల్లో నడక తప్పించుకోవడానికి సైకిలు కొనుక్కునేవాళ్లం, ఇప్పుడు నడవడానికి ఇల్లు కొంటున్నారు. కానివ్వండి. ఉత్తరాలు పొడుగ్గా ఉన్నాయి కాబట్టి కుదించి వేస్తున్నాను.

ప్రశ్న: మేమిద్దరం హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నాం. ఇప్పుడు ఆఫీసుకి నెలకోసారి వెళ్తే చాలు కాబట్టి మా అత్తగారి ఊరికి, కోనసీమలో కొత్తపేట వైపుకి, వచ్చేద్దామనుకుంటున్నాం. ఆదివారం వస్తే అనంతగిరి కొండలకో ఇంకెక్కడికో ట్రెక్కింగ్‌కి వెళ్లే అలవాటు మాకు, అది పోగొట్టుకోవడం ఇష్టం లేదు. రెండు స్థలాలు చూశాం. ఒకటి ఏటిగట్టు దాటాక గోదావరి వైపు, పది సెంట్లు, కొబ్బరి చెట్లున్నాయి, కూర్చుంటే ఏరు కనపడుతుంది, ధర కూడా తక్కువే. రెండోది గట్టుకి ఇవతల ఊళ్లో ఆరు సెంట్లు, ఏరు కనపడదు, సెంటు ధర దాదాపు రెట్టింపు. మా ఆయన మొదటిదానికి అడ్వాన్సు ఇచ్చేద్దామంటున్నారు, మా అత్తగారు ససేమిరా అంటున్నారు. ఎవరి మాట వినాలి?
(పేరు వేయొద్దన్న పాఠకురాలు)

జవాబు: మీ అత్తగారి మాట వినండమ్మా. ఆవిడ ఎందుకు వద్దంటున్నారో మీ ఆయనకి తెలియకపోవచ్చు, చదువుకని చిన్నప్పుడే హాస్టల్‌కి వెళ్లి ఉంటాడు.

గట్టు లోపల, అంటే ఏరు వైపు, ఉన్నది గోదావరి స్థలం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. టీవీలో వినీ వినీ మనకి ఈ అంకెలు పంచాంగంలా అలవాటైపోయాయి గానీ, గట్టు లోపల ఇల్లున్నవాళ్లు వాటిని వేరేగా వింటారు. వాళ్లకి మొదటిదంటే బియ్యం బస్తాలు అటక మీదికి, రెండోదంటే పశువుల్ని గట్టు మీదికి, మూడోదంటే తాళం వేసి పునరావాస కేంద్రానికి. నేల ఎత్తుని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది, అంతే తేడా. 2022లో అయితే వరద ఆగస్టులో కదా వస్తుందని ధీమాగా ఉన్నవాళ్లని జులైలోనే ముంచింది, ఏటి మధ్య లంకల్లో జనం రోజుల తరబడి పడవల మీదే తిరిగారు. ధర తక్కువ ఎందుకో ఇక మీకు చెప్పక్కర్లేదు. ఆ స్థలం మీద ఇల్లు కట్టడానికి బ్యాంకు లోను ఇస్తుందేమో ఒకసారి మీ ఆయన్నే వెళ్లి అడగమనండి, అడ్వాన్సు ఆలోచన అక్కడే ఆగిపోతుంది.

అయితే గట్టుకి ఇవతల ఉంటే చాలు, నిశ్చింత అనుకోకండి. ఇవతల కూడా తేడాలున్నాయి. నా సంగతే చెప్తాను. ఉద్యోగంలో ఉండగా, పెరటి తలుపు తీస్తే గట్టెక్కేయాలి అన్న సరదా కొద్దీ గట్టు కిందే, మా ప్రహరీకీ గట్టు వాలుకీ నలభై అడుగులు కూడా లేనిచోట ఇల్లు కట్టాను. 2006 ఆగస్టు వరదకి మా దగ్గర గట్టు తెగలేదు, కానీ ఏరు నిండుగా రోజుల తరబడి నిలబడేసరికి గట్టు అడుగు నుంచి నీరు ఊటలా వచ్చి మొదట వంటింటి గచ్చు చెమర్చింది, మర్నాటికి పలకల సందుల్లోంచి బుడబుడమని పైకి వచ్చింది. ఊరి కుర్రాళ్లంతా గట్టు మీద బుంగలు పడ్డచోట ఇసుక బస్తాలు వేస్తుంటే నేను ఇంట్లో గోనెసంచులు పరుచుకుంటూ కూర్చున్నాను. నేను చేసింది కాలువల శాఖలో ఉద్యోగమండి! ఊట అంటే ఏంటో పదిమందికి చెప్పినవాణ్ణి. మా ఆవిడ ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది.

అందుకని నేను చెప్పే కొలత ఇది: గట్టు మీకు పది నిమిషాల నడక దూరంలో ఉండాలి, పది అడుగుల్లో కాదు. మధ్యలో హైవే అడ్డం ఉండకూడదు. చీకటితో లేచి రోడ్డు దాటాలంటే నాలుగో రోజుకే నడక మానేస్తారు.

ఇంకో విషయం, ఇది చాలామందికి తెలియదు. డెల్టా అంతా చదునే కదా, ఎక్కడ కట్టుకుంటే ఏముంది అనుకుంటారు. చదును కాదు. ఏరు వందల ఏళ్లుగా ఒండ్రు పోసుకుంటూ వచ్చింది కాబట్టి పాయల ఒడ్డునే నేల మెరకగా ఉంటుంది, రెండు పాయల మధ్య పల్లం అవుతుంది. కాటన్ దొర 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు కదా, ఆ కాలంలో తవ్విన కాలువలు కూడా ఈ మెరక పట్టుకునే వెళ్తాయి, ఎందుకంటే మెరక మీద నుంచి అయితేనే రెండు పక్కలా పొలాలకి నీరు దానంతటది దిగుతుంది. వాడిన నీరు, వాన నీరు పల్లంలోకి చేరి మురుగు కాలువలో పడి సముద్రానికి పోతాయి. అంటే పంట కాలువ మెరక గుర్తు, మురుగు కాలువ పల్లం గుర్తు. స్థలం చూపించే బ్రోకర్ రెండింటినీ ‘కెనాల్ వ్యూ’ అనే అంటాడు. మీరు మాత్రం అది పంట కాలువో మురుగు కాలువో ముందు కనుక్కోండి. మురుగు కాలువ పక్కన ఇల్లయితే గోదావరి వరద అక్కర్లేదు, నవంబరులో ఒక వాయుగుండం చాలు, గుర్రపుడెక్క అడ్డుపడి నీరు లాగక వీధిలో మోకాలి లోతు నిలబడిపోతుంది.

ఊళ్లో ముసలాళ్లని ఒక్క ప్రశ్న అడగండి: "86లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయండి?" 1986 ఆగస్టు వరదకి గట్టు చాలాచోట్ల తెగింది. చూసినవాళ్లు ఇంకా ఉన్నారు, అరుగు మీద కూర్చోబెట్టి రామాలయం మెట్లు ఎన్ని మునిగాయో వేలు పెట్టి చూపిస్తారు. మీ గచ్చు దానికంటే ఒక అడుగు పైన ఉండేలా మెరక చేసుకోండి. మట్టి ఖర్చు ఎక్కువవుతుంది, తప్పదు.

ఇక స్థలాన్ని మూడుసార్లు చూడండి. మే నెలలో ఒకసారి, అప్పుడు కాలువలు కట్టేసి ఉంటాయి. ఏప్రిల్లో కట్టేస్తే మళ్లీ జూన్‌లో గానీ వదలరు. ఆ నెలన్నర మీరు ముచ్చటపడ్డ కాలువలో నీరుండదు, చెత్తా దోమలూ ఉంటాయి, ఊరి మంచినీళ్ల చెరువులో ముందే నింపుకున్న నీళ్లే దిక్కు. అప్పుడు కూడా అక్కడ ఉండగలం అనిపించాలి. రెండోసారి వరదలో, ఆగస్టులో. మూడోసారి కోతలప్పుడు వెళ్లండి, వానాకాలపు పంట సార్వాకి అయినా రబీ పంట దాళ్వాకి అయినా సరే, ఊరి రోడ్డంతా ధాన్యం ఆరబోసి ఉంటుంది, మీ నడక దారి మీద రైతు బరకం పరుచుకుని పడుకుని ఉంటాడు. అది ఆయన దారి కూడానండి. అప్పుడు పొలాల మధ్య పుంతలు పనికొస్తాయి. పాతకాలం బండ్ల బాటలు కదా, చాలావాటికి రెండు పక్కలా తాడిచెట్లో తుమ్మచెట్లో ఉంటాయి, కారు రాదు, హైదరాబాద్‌లో మీరు డబ్బులు కట్టి నడిచిన దారులకంటే బాగుంటాయి. వానాకాలం మాత్రం రేగడి బురద చెప్పుకి మూడు కిలోలు పట్టుకుంటుంది.

ఇసుక లారీల సంగతి కూడా చూసుకోండి. దగ్గర్లో ఇసుక ర్యాంపు ఉంటే గట్టు రోడ్డు మీద తెల్లవార్లూ లారీలే, దుమ్మే. ఒక రాత్రి ఊళ్లో ఎవరింట్లోనైనా పడుకుంటే తెలిసిపోతుంది.

మీవైపు నడకకి ఏం తక్కువ లేదు. బొబ్బర్లంక నుంచి ఆత్రేయపురం వైపు గట్టు, లొల్ల లాకుల దగ్గర చెట్ల నీడ, సైకిలుంటే కాలువ వెంట ఎంతదూరం పోతే అంత. పూతరేకుల ఊరి మీదుగా నడిస్తే తగ్గిన బరువు వాపసు వస్తుంది, అది మీ పూచీ. కొండ కావాలంటే మాత్రం బండి ఎక్కాల్సిందే. నెలకోసారి ఎక్కే కొండ కోసం ఇల్లు ఎక్కడో కొనుక్కోకూడదు, రోజూ నడిచే దారి కోసం కొనుక్కోవాలి. రెండో స్థలం మెరకే అయితే తీసుకోండి. ఆరు సెంట్లంటే 290 గజాలు, ఇద్దరికి ఎక్కువే. ఏరు కనపడాలంటే మీ ఆయన్ని పొద్దున్నే ఐదింటికి లేవమనండి.

ప్రశ్న: మాది రాజమండ్రి. మారేడుమిల్లి దారిలో అడవి అంచున పావు ఎకరం చవగ్గా వస్తోందని ఒకాయన చెప్తున్నారు. రిజిస్ట్రేషన్ ఉండదు, అగ్రిమెంటు రాసుకుందాం, అందరూ అలాగే కొంటున్నారు అంటున్నారు. వారాంతంలో కొండల్లో తిరగడానికి చిన్న ఇల్లు వేసుకోవాలని కోరిక. కొనవచ్చా?
(ఒక బ్యాంకు ఉద్యోగి)

జవాబు: వద్దు. బ్యాంకులో పనిచేస్తూ ఈ ప్రశ్న అడిగారంటే ఆ కొండల గాలి మీకు బాగా పట్టిందన్నమాట.

అది ఏజెన్సీ, అంటే గిరిజన ప్రాంతం. అక్కడ భూమి బదలాయింపు మీద 1959లో రెగ్యులేషన్ వచ్చింది, 1970లో దాన్ని గట్టిగా సవరించారు, జనం నోట్లో ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అంటే అదే. దాని ప్రకారం అక్కడ గిరిజనేతరులు స్థిరాస్తి కొనడానికి వీల్లేదు. అమ్మేవాడు గిరిజనుడైనా, ఎప్పటినుంచో అక్కడున్న గిరిజనేతరుడైనా, కొనేవాడు గిరిజనుడు కాకపోతే ఆ లావాదేవీ చెల్లదు. అగ్రిమెంటు కాగితం చిత్తు కాగితం. గిరిజనుల పేరు మీద రాయించి మనం అనుభవిస్తాం అనేది బినామీ వ్యవహారం, అది ఇంకా పెద్ద టెన్షన్. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ భూమి పోతే కొండమీద వాళ్లకి ఇంకోటి లేదు, మనకి రాజమండ్రిలో ఇల్లుంది.

మీకు రాజమండ్రిలో ఉండటమే లాభం. మారేడుమిల్లికి 80 కిలోమీటర్లు పైనే గానీ తెల్లవారకముందు గోకవరం మీదుగా బయల్దేరితే ఎండెక్కేలోపు అడవిలో ఉంటారు. రంపచోడవరం అంతకంటే దగ్గర, అక్కడ రంప జలపాతం ఉంది. అంత దూరం ఎందుకనుకుంటే కోరుకొండ నరసింహస్వామి కొండ 20 కిలోమీటర్లలోపే, మెట్లు నిట్రంగా ఉంటాయి, పైకెక్కాక ఎవరూ మాట్లాడలేరు, భక్తి వల్ల అనుకుంటారు చూసేవాళ్లు. అడవిలో మాత్రం దారి తెలిసిన స్థానికుల్ని వెంట పెట్టుకుని, అటవీశాఖ వాళ్లు వెళ్లమన్న చోటికే వెళ్లండి. వానాకాలం వాగులు చూస్తుండగానే పొంగుతాయి, పైన ఎక్కడో పడ్డ వాన మనకి తెలియదు.

రోజూ నడకకి గోదావరి గట్టు ఉండనే ఉంది. పుష్కర ఘాట్ నుంచి కోటిలింగాల రేవు వైపు తెల్లవారుజామున నడిచే జనాన్ని చూస్తే ఊళ్లో ఇంతమంది షుగర్ పేషెంట్లున్నారా అనిపిస్తుంది. 2027 పుష్కరాలకి ఆ ఒడ్డునంతా పనులుంటాయి, దగ్గర్లో అద్దెకి దిగేవాళ్లు ఆ రద్దీ కూడా లెక్కలో వేసుకోండి.

ప్రశ్న: నాన్నగారికి 72 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. రోజూ చదునైన చోట అరగంట నడవమన్నారు డాక్టరు గారు. ఊరు అమ్మేసి భీమవరంలో ఇల్లు కొంటున్నాం. నాన్నగారు ఊళ్లో చేలగట్ల మీద తిరిగిన మనిషి, టౌన్‌లో ఉక్కిరిబిక్కిరి అవుతారేమోనని భయం. ఎలాంటి వీధిలో తీసుకోవాలి?
(ఉండి అనే ఊరి దగ్గర నుంచి ఒక కూతురు)

జవాబు: అమ్మా, ముందుగా ఊరు పూర్తిగా అమ్మేయకండి, రెండు గదులైనా ఉంచండి. ఇది మీరు అడగలేదు, అయినా చెప్తున్నాను.

భీమవరంలో ఇల్లు చూసేటప్పుడు యనమదుర్రు డ్రెయిన్ ఎటుందో, గాలి ఎటునుంచి వీస్తుందో చూసుకోండి. సాయంత్రం పూట వెళ్లి పది నిమిషాలు నిలబడితే ముక్కే చెప్తుంది. చెరువుల వైపు ఊరి చివర లే అవుట్లు చవగ్గా ఉంటాయి, విశాలంగా ఉంటాయి, నడకకి బాగుంటుందని ఆశపడతారు. కానీ రొయ్యల చెరువుల మధ్య వేసిన లే అవుట్‌లో బోరు వేస్తే నీళ్లు ఉప్పగా ఉండొచ్చు, గోడలకి ఉప్పు పొంగి రంగు పెచ్చులూడొచ్చు, మేత లారీలు ఐసు లారీలు వేళాపాళా లేకుండా తిరుగుతుంటాయి. పక్కింటి కుళాయి నీళ్లు ఒక గుక్క నోట్లో పోసుకుని చూడటానికి మొహమాటపడకండి. చెరువు పూడ్చి వేసిన స్థలమా అని కూడా అడగండి. ఆ నేల కుంగుతుంది. మామూలు నల్లరేగడి అయినా వేసవిలో నెర్రెలిచ్చి వానకి ఉబ్బుతుంది కాబట్టి పునాది సంగతి ఇంజనీరుతో చూపించుకోవాలి, కట్టిన ఇల్లయితే కిటికీల మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లున్నాయేమో చూడండి.

నాన్నగారికి పనికొచ్చేది పెద్ద పార్కు కాదు. ఇంటి నుంచి నాలుగైదు నిమిషాల్లో చేరే ఒక కాలేజీ గ్రౌండో, గుడి వెనక రోడ్డో, మధ్యలో కూర్చోవడానికి ఒక అరుగో సిమెంటు బల్లో, పలకరించే మనిషో ఉంటే చాలు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి సిమెంటు రోడ్డు కంటే మట్టి నేల హాయి. వీధి కుక్కలు ఎన్నున్నాయో తెల్లవారుజామున వెళ్లి లెక్కపెట్టండి, ఒట్టు, ఎక్కువమంది పెద్దాళ్లు నడక మానేసేది మోకాళ్ల వల్ల కాదు. ఇల్లు గ్రౌండ్ ఫ్లోరే తీసుకోండి, లిఫ్ట్ ఉందని మూడో అంతస్తు తీసుకుంటే కరెంటు పోయిన ప్రతిసారీ నడక రద్దవుతుంది.

నెలకోసారి ఆయన్ని చేలగట్టు మీదికి తీసుకెళ్లండి. అందుకే రెండు గదులు ఉంచమన్నది.

ప్రశ్న: అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం మూడుచోట్లా తిరిగాం. సముద్రం పక్కన సరుగుడు తోటలో ఇల్లు కట్టుకుని పొద్దున్నే ఇసుకలో నడవాలని ఎప్పటినుంచో కల. ఎంత దూరంలో కట్టుకోవాలి?
(రిటైర్డ్ టీచర్ దంపతులు, పాలకొల్లు)

జవాబు: మాస్టారూ, మీ కలని పూర్తిగా కాదనను గానీ కొంచెం వెనక్కి జరుపుతాను.

మొదటిది చట్టం. తీరప్రాంత నియంత్రణ జోన్, అందరూ సీఆర్‌జెడ్ అనేది, సముద్రం పోటు మీదున్నప్పుడు నీరు చేరే గీత నుంచి లోపలికి 500 మీటర్ల దాకా వర్తిస్తుంది. పల్లెల్లో ఆ గీత నుంచి మొదటి 200 మీటర్లలో కొత్త కట్టడాలు కుదరవు. 2019 నోటిఫికేషన్‌లో జనసాంద్రత చదరపు కిలోమీటరుకి 2161 మందికి మించిన పల్లెలకి దాన్ని 50 మీటర్లకి తగ్గించారు. మీరు చూసిన స్థలం ఎందులోకి వస్తుందో మ్యాపు చూసి తేల్చుకోవాలి, అమ్మేవాళ్ల నోటిమాట మీద కాదు. సరుగుడు తోటల్లో కొన్ని అటవీశాఖవి, కొన్ని ప్రభుత్వ భూములు, పట్టా లేనివి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో 22ఏ జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూసుకోండి, ఉంటే అది నిషేధిత భూమి, దాని జోలికి వెళ్లొద్దు. ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన లావాదేవీలు చూపే కాగితం, కనీసం ముప్పై ఏళ్లకి తీయించండి.

రెండోది సముద్రం. అది ఉన్నచోట ఉండదు. ఉప్పాడ వెళ్లి చూడండి, వీధులకి వీధులే నీళ్లలో కలిసిపోయాయి, తాతల నాటి ఇల్లు ఎక్కడుండేదని అడిగితే అలల్లోకి చెయ్యి చూపిస్తారు. తుపాన్ల సంగతి మీకు నేను చెప్పాలా, 1996 నవంబరు 6 రాత్రి మీరూ పాలకొల్లులోనే ఉండి ఉంటారు. కోనసీమలో కొబ్బరి తోటలు అగ్గిపుల్లల్లా పడిపోయాయి.

మూడోది రోజువారీ సంగతి. ఉప్పుగాలికి కిటికీ ఊచల దగ్గర్నుంచి ఫ్రిజ్ వెనక రేకు దాకా అన్నీ తుప్పే. శ్లాబులో ఇనుము తుప్పుపట్టి ఉబ్బి సిమెంటు పెచ్చు ఊడదీస్తుంది, పదిహేనేళ్ల ఇల్లు నలభై ఏళ్లదానిలా కనపడుతుంది. తీరంలో మంచినీళ్లు పైపొరలో సన్నగా ఉంటాయి, ఆశపడి లోతుగా బోరు దింపితే ఉప్పునీళ్లు తగులుతాయి.

కాబట్టి ఇల్లు నరసాపురంలోనో మొగల్తూరులోనో, మీకు బాగా నచ్చితే రాజోలు వైపో చూసుకోండి. ఆస్పత్రి దగ్గర, బస్సు దగ్గర. వారానికి రెండు రోజులు తెల్లవారకముందే లేచి పేరుపాలెం వెళ్లి నడిచి, ఎండ ముదిరేలోపు ఇంటికి వచ్చి ఇడ్లీ తినొచ్చు. నరసాపురంలో ఉంటే పంటు ఎక్కి సఖినేటిపల్లి దాటి అంతర్వేది వెళ్లొచ్చు. గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దాకా ఇసుకలో నడవడం నాకు తెలిసినంతలో ఈ డెల్టాలోకల్లా మంచి నడక. నీటిలోకి మాత్రం దిగకండి, ఏరూ సముద్రమూ కలిసేచోట అడుగున లాగుతుంది, పైకి ఏమీ తెలియదు.

కోనసీమ వైపు స్థలం చూసేవాళ్లందరికీ ఇంకో మాట. పొలాల్లో గ్యాస్ పైపులైన్ల హెచ్చరిక రాళ్లూ బోర్డులూ పాతి ఉంటాయి. స్థలం చుట్టూ ఒకసారి నడిచి ఆ గుర్తులు ఎంత దూరంలో ఉన్నాయో చూసుకోండి. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి మంట, 2014 జూన్‌లో నగరం పైపులైన్ పేలుడు, రెండూ చూసిన జిల్లా ఇది.

ప్రశ్న: పిల్లలకి పక్షులంటే పిచ్చి. కాకినాడకి బదిలీ అడగమంటారా, ఏలూరుకా?
(పంచాయతీ కార్యదర్శి, ముమ్మిడివరం)

జవాబు: ముమ్మిడివరంలో ఉండి బదిలీ ఎందుకండీ? కోరంగి మడ అడవులు మీకూ దగ్గరే, యానాం దాటితే వచ్చేస్తుంది. 1978 నుంచి అది అభయారణ్యం, 235 చదరపు కిలోమీటర్లు. మడచెట్ల మధ్య నుంచి చెక్క వంతెన మీద నడవొచ్చు, పోటు మీద ఒకలా, ఆటు మీద ఒకలా ఉంటుంది. ఆటులోనే పిల్లలకి సరదా, బురదలో పీతలు, గెంతే బురద చేపలు కనపడతాయి. నీటిపిల్లి కనపడితే అదృష్టం, అది రాత్రి తిరిగే జంతువు. వలస పక్షుల కోసమైతే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లండి.

బదిలీ తప్పదంటే నేను కాకినాడే అంటాను, కోరంగి ఒక పక్క, పెద్దాపురం పాండవుల మెట్ట ఇంకో పక్క, నడవడానికి రెండు రకాల నేల. ఏలూరు వెళ్తే కొల్లేరు ఉంది, కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతుల్ని గుంపులుగా చూడొచ్చు. అయితే కొల్లేరు పక్కన స్థలం కొందామని మాత్రం అనుకోకండి. 1999లో ఐదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత, దాకా అభయారణ్యంగా ప్రకటించారు, ఆ గీతకి లోపలా బయటా అనే తగువులో దిగితే పక్షుల్ని చూసే తీరిక ఉండదు.

ప్రశ్న: పి.గన్నవరం దగ్గర కొత్త కోడలిని. తెల్లవారుజామున గట్టు మీద ఒక్కదాన్నే నడుస్తానంటే ఇంట్లో వద్దంటున్నారు. నడక కోసం టౌన్‌లో ఇల్లు తీసుకుందామని మా వారు అంటున్నారు. మీరేమంటారు?

జవాబు: నడక కోసమే అయితే ఇల్లు మారక్కర్లేదమ్మా. మీ ఊళ్లోనే గోదావరి పాయ వైనతేయ మీదుగా కాలువని దాటించిన అక్విడక్టులు ఉన్నాయి, ఒకటి కాటన్ కాలం నాటిది, పక్కనే డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిన కొత్తది. కింద ఏరు, పైన కాలువ. దాన్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు, మీరు వదిలేసి టౌన్‌కి పోతానంటున్నారు.

ఇంట్లోవాళ్ల భయం ఊరికే కొట్టిపారేయను. గట్టు మీద గడ్డిలో కట్లపాము, రక్తపింజర ఉంటాయి, వరద తీసిన కొత్తలో మరీను, బొరియల్లో నీరు చేరి అన్నీ మెరక మీదికే వస్తాయి. కాబట్టి చీకట్లో వద్దు, వెలుగు వచ్చాక వెళ్లండి, బూట్లు వేసుకోండి, మధ్యలోనే నడవండి. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లని కూడగట్టండి. మొదటి వారం మీ అత్తగారినే తీసుకెళ్లండి, ఆవిడ గట్టెక్కి ఎన్నాళ్లయిందో. కాలువల మీద కావలి చూసే లస్కరు తిరుగుతుంటాడు, అతనికి ప్రతి తూమూ ప్రతి బుంగా తెలుసు, ఒకసారి పలకరించి ఎటు వైపు లారీలు తక్కువో అడగండి. మబ్బు పట్టిన పొద్దులకి టార్చి మాత్రం కొనండి, ఫోన్ లైట్ చాలదు.